గేరు పిన్ని సీటు

మా వీధిలో ఏడు షెడ్లున్నాయి. ఒకాయన బ్రేకులు చూస్తాడు, ఒకాయన రంగులు వేస్తాడు, ఒకాయన బ్యాటరీల పక్కన కూర్చుని వాటితోపాటే డీలా పడిపోతుంటాడు. మిగతావాళ్ళు ఒకరు బాగుచేసింది ఇంకొకరు చెడగొడుతూ బతుకుతారు. చివరి షెడ్డు నాది. నేను కారు సీట్లు కుడతాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. ఒకరి గురించి చెడుగా మాట్లాడే అలవాటు నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, అంతే. దానికే జనం ముఖాలు మాడ్చుకుంటారు.

సీటు చూస్తే మనిషి తెలిసిపోతాడు. అంచు నలిగి ఉంటే ఎప్పుడూ హడావుడిగా దిగేవాడని అర్థం. ఒకవైపే అణిగితే మనిషి ఒంకర, లేదా జేబులో పర్సు లావు. వీపు ఆనే చోట కొత్తగా ఉందంటే పక్కన భార్య కూర్చుంటుందన్నమాట. ఎవరూ వెనక్కి వాలే ధైర్యం చెయ్యరు.

ఆ ఎర్ర కారును మా బావ నడుపుకొచ్చాడు. బావంటే మా అక్క మొగుడు. వీధి మొదట్లో ఇంజన్లు విప్పే షెడ్డు ఆయనదే. విప్పడం బాగా వచ్చు. రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు అది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, ఒళ్ళు మాత్రం నాకంటే బాగా కాపాడుకుంది. బావ మోకాళ్ళు రుద్దుకుంటూ దిగాడు. సీటు సగానికి మించి వెనక్కి జరగడం లేదట, కింద పట్టాలు తుప్పుపట్టి ఉంటాయట. పక్క సీట్లోంచి కళ్ళజోళ్ళ కొట్టు బాబాయి దిగాడు. దిగేముందు డ్రైవరు సీటు వైపు ఒకసారి చూసి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

కారు ఆయనది కాదు. గేరు పిన్నిది. పిన్ని ఆయన భార్య. ముప్ఫై ఏళ్ళపాటు ఒక ముసలి డొక్కు కారులో ఊరందరికీ డ్రైవింగు నేర్పింది. సొంత పిన్నిలా తిట్టేది కాబట్టి అందరికీ పిన్నే. "ముందు సీటు, తర్వాత అద్దం, ఆ తర్వాతే తాళం," అని ఆవిడ చెప్పే పాఠం ఈ ఊళ్ళో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. వారమంతా ఆ డొక్కులో కూర్చుని ఆదివారం మాత్రం ఈ ఎర్రకారు తీసేది. మనిషి పొట్టి. సీటు పూర్తిగా ముందుకి లాక్కుని కూర్చుంటే బయటికి జుట్టుముడి ఒక్కటే కనిపించేది. కొత్తవాళ్ళు చూస్తే కారు దానంతటదే పోతోందనుకునేవాళ్ళు. పక్కన బాబాయి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లాడిలా.

ఊరందరికీ నేర్పిన మనిషి మొగుడికి మాత్రం నేర్పలేకపోయిందని మేం ఏడిపించేవాళ్ళం. ఇద్దరూ నడిపితే పక్కన కూర్చునేదెవరు అనేవాడు బాబాయి. జోకు వేస్తున్నాడనుకునేదాన్ని.

పిన్నికి చలికాలంలో దగ్గు మొదలైంది. నీలగిరి వాసన వచ్చే బిళ్ళలు చప్పరిస్తూ నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. ఎండలు ముదరకముందే పోయింది. పోయేముందు బాబాయి చేత మాట తీసుకుందట, కారుని మూలపడెయ్యొద్దు, నడిపేవాడికి ఇచ్చెయ్యి అని. ఆ మాట కోసమే ఆయన కారు అమ్మకానికి పెట్టాడు.

పెట్టిన ధర విని మా వీధి వీధంతా పని ఆపేసింది. బావ బోనెట్ ఎత్తి, చెవి పెట్టి, నేల మీద పడుకుని కిందా మీదా చూసి తీర్పు చెప్పాడు. ఇంజనుకి ఆయాసం, గేరుపెట్టె అలిగింది, ఇలాంటి కారుకి విడిభాగాలు దొరకడం అంటే పోయిన జన్మలో పుణ్యం చేసుకుని ఉండాలి, కాబట్టి అడిగిన దాంట్లో సగం వస్తే కళ్ళకద్దుకోవాలి. రంగుల షెడ్డు ఆయన ఒప్పుకోలేదు. ఇలాంటివి పాతబడేకొద్దీ పెరుగుతాయన్నాడు. అలా అయితే నీ ధర ఇంకా పెరగలేదేం అన్నాడు బావ. రెండు రోజులు వీధిలో అదే గొడవ.

అంత గొడవలోనూ కొనేవాళ్ళు వచ్చారు. వింత ఏమిటంటే, ఎవరైనా ధరకి దగ్గరగా వస్తే చాలు, బాబాయి ఇంకాస్త పెంచేవాడు. ముగ్గురు అలాగే తిరిగి వెళ్ళిపోయారు. భార్య పోయాక ముసలాయనకి ఆశ పుట్టిందని నేను అన్నాను. ఒక్కరితోనే అన్నాను. ఆ ఒక్కరూ రంగుల షెడ్డు ఆయన. ఆయనకి చెబితే ఊరందరికీ చెప్పినట్టే, నాకు తిరిగే శ్రమ తప్పుతుంది. వారం తిరిగేసరికి బాబాయి వీధిలోకి వస్తే జనం నవ్వు ఆపుకోవడం మొదలుపెట్టారు.

చివరికి పళ్ళ డాక్టరు వచ్చాడు. జనం పళ్ళు పీకేటప్పుడు వణకని చెయ్యి ఆ కారు మీద పెట్టగానే వణికింది. పెంచిన ధరకే సరే అన్నాడు. ఒక్కటే షరతు. డ్రైవరు సీటు బాగా గుంటపడింది, అది కొత్తగా చేయించి ఇవ్వాలి. గురువారం సాయంత్రం ఆరున్నరకి వచ్చి తీసుకెళ్తానన్నాడు. బాబాయి ఇంకేదో అనబోయాడు, బహుశా ఇంకాస్త పెంచబోయాడు. మాటంటే మాటే బాబాయ్ అని బావ చెయ్యి పట్టుకున్నాడు.

అందరూ వెళ్ళాక బాబాయి నా దగ్గరికొచ్చాడు. సంచిలోంచి కళ్ళజోడు తుడిచే గుడ్డ తీసి, జోడు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఆ సీటు విప్పే ముందు నాకొక్కసారి కబురు పెట్టు."

అలాగే బాబాయ్ అన్నాను.

పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. కబురు పెడితే వచ్చి మళ్ళీ ధర పెంచుతాడు, డాక్టరు పారిపోతాడు, బావకి రావాల్సిన కమీషన్ పోతుంది, నా పని ఆగిపోతుంది. అదొక్కటే ఆలోచించాను. ఊరందరి మనసుల్లో ఏముందో చెప్పేదాన్ని, ఆయన మనసులో ఏముందో ఒక్కసారైనా అడగలేదు.

గురువారం మధ్యాహ్నం బావ కారుని నా షెడ్డులోకి తోయించి పెట్టాడు. భోజనాలవగానే మబ్బు కమ్మింది. వాన మొదలైంది, కరెంటు పోయింది. జల్లు లోపలికి కొడుతోందని షట్టరు సగానికి దించాను. లోపల చీకటి కాదు, అలాగని వెలుతురూ కాదు. రేకుల మీద వాన తప్ప వేరే చప్పుడు లేదు. వీధిలో మిగతావాళ్ళు పని లేదని బావ షెడ్డులో చేరి ఉంటారు. పని ఉన్నా అక్కడే ఉంటారు.

సీటు కిందికి దించనవసరం లేదు, ఉన్నచోటే తొడుగు విప్పేశాను. పాత తోలు, దాని కింద స్పాంజి. చిన్న గుంట, కానీ లోతైనది. పొట్టి మనిషి ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్న గుంట. చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

ఇంజను వేడి అనుకున్నాను. ఇంజను మూడు రోజులుగా స్టార్ట్ చెయ్యలేదని వెంటనే గుర్తొచ్చింది. వాన రోజున అన్నీ వెచ్చగానే అనిపిస్తాయిలే అని సర్దిచెప్పుకున్నాను. స్పాంజి బయటికి లాగాను. పాత స్పాంజిని నేను పారెయ్యను. ముక్కలుగా చించి బస్తాలో వేస్తాను, స్టూళ్ళ మెత్తల్లో కూరడానికి పనికొస్తుంది. ఇదీ అలాగే చించాను. చించుతుంటే సన్నగా నీలగిరి వాసన వచ్చింది. పిన్ని బిళ్ళలు సీట్లో ఇరుక్కుపోయి ఉంటాయనుకున్నాను. వెతికితే ఏమీ లేదు. బస్తా బాగా కుదిపి, మిగతా ముక్కల్లో కలిపేశాను.

మా నాన్నకో పద్ధతి ఉండేది. కొత్త స్పాంజి కోసే ముందు ఆ సీటు ఎవరిదో వాళ్ళని కూర్చోబెట్టి, ఒంటి చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత ప్రకారం కోసేవాడు. సీటు ఒకరిది, కొలత ఇంకొకరిది కాకూడదనేవాడు. పాతది వదిలిపోవాలంటే సొంతమనిషి ఒకసారి కూర్చుని లేవాలట. డాక్టరు ఆరున్నరకి గానీ రాడు. బాబాయికి కబురు పెట్టలేదు. వేరే దారి లేక కొత్త స్పాంజి పరిచి నేనే ఎక్కి కూర్చున్నాను. నా ఒంటికి కొలత పెడితే ఎవరి ఒంటికైనా సరిపోతుందని బావ అంటుంటాడు. వంగి, తొడ పక్కన సుద్దముక్క పెట్టాను.

టక్.

సీటు ముందుకి జరిగింది. పట్టా మీద ఒక్క పన్నంత.

పట్టాలు తుప్పుపట్టాయన్నాడు కదా బావ... నా బరువుకి వదులై ఉంటాయి.

టక్... టక్.

మోకాళ్ళు ముందుకి తగిలాయి. చేత్తో సీటు కింద మీట తడిమాను. అది బిగిసే ఉంది. మీట ఎత్తకుండా సీటు జరగదు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, జరగదు.

టక్.

స్టీరింగు నా పక్కటెముకలకి ఆనింది. ఊపిరి సగమే లోపలికి వెళ్ళింది. తలుపు పిడి అందుతోంది కానీ చెయ్యి తిరగడం లేదు. వాన చప్పుడు ఆగినట్టయింది. ఆగలేదు. నాకు వినిపించడం మానేసింది. నీలగిరి వాసన ఎంత దగ్గరగా వచ్చిందంటే... ఎవరో నా నోట్లోంచే ఊపిరి వదులుతున్నట్టు.

పైన చిన్న అద్దం కదిలింది.

నెమ్మదిగా. వేలితో తోసినట్టు. కిందికి వంగింది, పొట్టిమనిషి కళ్ళ ఎత్తుకి. తర్వాత పక్కకి తిరిగింది. డ్రైవరు అద్దం వెనక రోడ్డు చూపించాలి. ఇది చూపించలేదు. పక్క సీటు చూపించింది. అక్కడే ఆగిపోయింది.

ముందు సీటు. తర్వాత అద్దం.

తాళంచెవి బావ జేబులో ఉంది. నాకు బాగా తెలుసు. అయినా నా మోకాలి పక్కన, తాళం పెట్టే చోట... గీరుతున్న చప్పుడు. ఇనుము మీద ఇనుము. లోపలికి వెళ్ళలేక మళ్ళీ మళ్ళీ. ఆగింది. మళ్ళీ గీరింది. తొందర లేదు ఆ చప్పుడులో. అదే నన్ను చంపేసింది. ఎవరో ఇంకా ఎక్కాల్సినవాళ్ళ కోసం ఆగుతూ, ఆగుతూ, ఊరికే తాళం తడుముతున్నట్టు ఉంది.

అద్దంలో పక్క సీటు ఖాళీగా ఉంది.

సుద్దముక్క వదిలేసి ఆ అద్దంకేసే చూశాను.

"బాబాయి... ఇంకా రాలేదు పిన్నీ," అన్నాను.

గీరడం ఆగింది. తర్వాత సీటు ఒక్కసారిగా వదులై వెనక్కి జారింది. తలుపు తెరుచుకుని నేల మీద పడ్డాను.

షట్టరు కింద, జల్లులో, ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పారిపోవచ్చు. కానీ భయం వేరు, ఒప్పుకున్న పని వేరు. బయట నిలబడి, చేతులు మాత్రమే లోపల పెట్టి, వంకర సూదితో ఆ సీటు పూర్తి చేశాను. నా జీవితంలో అంత బాగా ఏ సీటూ కుట్టలేదు. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లలా నిగనిగలాడింది.

ఆరుకి ఐదు నిమిషాలుందనగా బాబాయి వచ్చాడు. గొడుగు మూసి గోడకి ఆనించి, కారు దగ్గరికి నడిచాడు. డ్రైవరు సీటు చూశాడు. చెయ్యి పెట్టబోయి పెట్టలేదు.

"పాతదేదీ?"

బస్తా చూపించాను. అందులో పది కార్ల స్పాంజి కలిసి ఉంది. ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ముక్క తర్వాత ముక్క తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కన పెట్టాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. పదో పన్నెండో చూశాక, అన్నీ తిరిగి బస్తాలో జాగ్రత్తగా వేసి లేచాడు. పక్క సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కిటికీ అద్దం దించి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"రోజూ ఆరింటికి వచ్చేది," అన్నాడు రహస్యం చెబుతున్నట్టు. "నేనిలా కూర్చుంటే చాలు. ఆ గుంట ఇంకాస్త కిందికి దిగేది. మాటా పలుకూ ఉండవు. ఏడింటిదాకా ఉండి లేచేది. స్పాంజి పైకి రావడం నాకు తెలిసేది."

"బాబాయ్, ఆ మాట నాకొక్క ముక్క చెప్పి ఉంటే..."

"నీకా అమ్మాయ్?" అన్నాడు. అందులో కోపమేమీ లేదు. "నీకు చెబితే రేపు ఊరంతా వచ్చి వరసలో నిలబడి చూసేది."

ఆయన ధర ఎందుకు పెంచుతూ పోయాడో అప్పటికి నా మట్టిబుర్రకి ఎక్కింది. నడిపేవాడికి ఇస్తానన్న మాట దాటలేడు, అమ్మి బతకలేడు. అందుకే ఎవడూ ఇవ్వలేనంత ధర పెట్టుకుని దాని వెనక దాక్కున్నాడు. ఆ మనిషిని పట్టుకుని ఆశపోతు అన్నాను నేను.

మధ్యాహ్నం జరిగింది ఆయనకి చెప్పాను. సీటు, అద్దం, తాళం. అద్దం ఎటు తిరిగిందో కూడా. విన్నాడు. తల తిప్పలేదు.

"అయితే వచ్చి చూసుకుంది," అన్నాడు. "చోటు లేదని చూసుకుంది."

ఆరయింది. ఆయన ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. నేను కొత్త సీటు వైపు కళ్ళార్పకుండా చూశాను. అణగాలని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. దెయ్యం రావాలని మొక్కుకున్న మనిషి ఈ వీధిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆరుంబావు. ఇరవై నిమిషాలు. సీటు ఉన్నట్టే ఉంది. ముడత లేదు. మెరుస్తోంది.

ఆరున్నరకి డాక్టరు, వెనకాలే బావ, వాళ్ళ వెనకాల గొడుగులేసుకుని సగం వీధి వచ్చారు. డాక్టరు సీటు చూసి మురిసిపోయి, ఒప్పుకున్న ధర ఇవ్వబోయాడు. బాబాయి దిగి, తలుపు వేశాడు. ఈసారి చప్పుడయింది.

"ఆ ధర చెయ్యదు బాబూ ఇప్పుడు," అన్నాడు. "సగమివ్వండి చాలు."

డాక్టరు తెల్లబోయాడు. ఇంజను గురించా అని అడిగితే కాదన్నాడు. మరి దేని గురించి అంటే, లోపలిది పోయిందన్నాడు. డాక్టరుకి అర్థం కాలేదు. తనకి లాభమయ్యే సంగతి కాబట్టి ఎక్కువ అడగలేదు. నేను చెప్పిన ధరే అయింది చూశావా అని బావ రంగుల షెడ్డు ఆయన వీపు చరిచాడు. వీధంతా నవ్వింది. ఆ ఒక్కరోజు నేను నవ్వలేదని, నా ఒంట్లో బాగాలేదేమోనని మా అక్క రాత్రికి చారు పంపింది.

నెలరోజులు దాటాక, ఒక సాయంత్రం డాక్టరు నా షెడ్డుకి వచ్చాడు. కారులో కాదు, నడిచి. చిక్కిపోయాడు. డ్రైవరు సీటు బ్రహ్మాండంగా ఉందన్నాడు. పక్క సీటు చూడాలన్నాడు. దానికేమైందంటే కాసేపు నసిగాడు. ఆసుపత్రి మూసి ఇంటికి బయలుదేరేసరికి ఆరవుతుందట. కారు తీయగానే పక్క సీటు అణుగుతుందట. మనిషి కూర్చున్నంత. ఏడింటికి మళ్ళీ లేస్తుందట. మొదట్లో భార్యకి చెప్పి నవ్వాడు. ఆవిడ ఒకరోజు కళ్ళారా చూసి, అప్పటినుంచి కారు ఎక్కడం మానేసింది.

"నిజం చెప్పండి," అన్నాడు. "నేను పెట్టిన సగం ధరైనా చేస్తుందా అది?"

పిన్నికి పక్క సీట్లో ఏం పని? ఆవిడ ఒక్కసారైనా పక్క సీట్లో కూర్చోగా ఎవరూ చూడలేదు. పక్క సీటు ఎప్పుడూ బాబాయిది. బాబాయిని ఆ రోజు తర్వాత నేను చూడలేదు. ముఖం చెల్లక ఆయన కొట్టున్న వీధి వైపే వెళ్ళలేదు. డాక్టరుని కూర్చోమని చెప్పి, అక్కడిదాకా మూడు వీధులూ పరుగులాంటి నడక నడిచాను.

కళ్ళజోళ్ళ కొట్టు తెరిచే ఉంది. పక్కన క్షౌరశాల ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముసలాయన బాగానే ఉన్నాడన్నాడు. తింటున్నాడు, జోళ్ళు బిగిస్తున్నాడు, పలకరిస్తే పలుకుతున్నాడు. ఆరింటికి మాత్రం ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరు పిలిచినా పలకడట. వయసు కదా అన్నాడు.

లోపలికి వెళ్ళేసరికి గోడ గడియారం ఆరు దాటింది. కళ్ళు పరీక్షించే కుర్చీలో బాబాయి కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎదురుగా రోడ్డు పరుగెత్తుతున్నట్టు చూస్తున్నాడు. మధ్యమధ్యలో కొంచెం పక్కకి తిరిగి, ఎవరూ లేకపోతే మళ్ళీ ముందుకి తిరుగుతున్నాడు.

"బాబాయ్," అన్నాను.

దగ్గరికి వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాను.

"బాబాయ్... అక్కడ పిన్ని లేదు. అది ఇప్పుడు డాక్టరు కారు. వచ్చెయ్యి."

ఆయన మళ్ళీ పక్కకి తిరిగి చూశాడు. ముందుకి తిరిగాడు. భుజం మీద చెయ్యి వేశాను. చొక్కా ఉంది, చొక్కా కింద భుజం ఉంది, ఎముక తగిలింది. అమ్మయ్య అనుకుని తల దించాను.

ఆ కుర్చీకి మెత్త పోయినేడు నేనే కుట్టాను. పిల్లి పడుకున్నా గుంటపడేంత మెత్తటి స్పాంజి. ఆయన కింద అది ఎక్కడా అణగలేదు. ఉబ్బెత్తుగా, ఒక్క ముడత లేకుండా... ఇంకా ఎవరూ కూర్చోనట్టే ఉంది.